చిన్నతనంలో పాత ఆర్‌పీజీలు ఆడనివారికి రెట్రో ఇండీ ఆర్‌పీజీలు నచ్చుతాయా?

ప్రశ్న
రాసినవారు: చివరి సేవ్ పాయింట్

అందరికీ నమస్కారం. ఆర్‌పీజీలతో, అంటే ఒక పాత్రను నడిపిస్తూ దాని బలాన్ని పెంచుకునే ఆటలతో, నా పరిచయం పెద్ద బడ్జెట్ త్రీడీ ఆటలతో మొదలైంది. సూపర్ ఫామికామ్ వంటి పాత కన్సోల్‌ను నేను చేత్తో పట్టుకున్నది లేదు, 1990ల నాటి ఆటలను ఆ కాలంలో ఆడినదీ లేదు. అందుచేత పిక్సెల్ బొమ్మలతో, టర్న్-బేస్డ్ (వంతులవారీ) పోరాటాలతో వచ్చే ఇండీ (చిన్న స్వతంత్ర బృందాల) ఆర్‌పీజీలను ఎవరైనా ఆకాశానికెత్తినప్పుడల్లా, అది నిజంగా ఆటలోని గొప్పతనమా లేక చెప్పేవారి చిన్ననాటి జ్ఞాపకాల మహిమా అన్న అనుమానం కలుగుతూ ఉండేది.

ఈ అనుమానాన్ని తేల్చుకుందామని ఇటీవల వరుసగా మూడు ఆటలు మొదలుపెట్టాను. మొదటిది 2015లో వచ్చిన అండర్‌టేల్. దాని బొమ్మలను చూసి మొదట నవ్వుకున్న మాట నిజమే కాని, మూడు రాత్రుల్లో పూర్తి చేశాను. రెండవది 2022 డిసెంబరులో వచ్చిన చైన్డ్ ఎకోస్. ఇది చాలా పెద్ద ఆటే అయినా, పోరాటాలు మాత్రం చివరిదాకా నాకు విసుగు పుట్టించలేదు. మూడవదాని పేరు చెప్పడం భావ్యం కాదు, అది చిన్న బృందం చేసిన ఆట. పాత స్వర్ణయుగాన్ని తిరిగి తెచ్చిందన్న పొగడ్తలు చూసి కొన్నాను. పది అడుగులు వేస్తే ఒక పోరాటం, ప్రతి పోరాటంలోనూ అవే మూడు రకాల శత్రువులు, అదే దాడి బటన్. ఒక గుహలో దాదాపు యాభై నిమిషాలు నడిచి, సేవ్ పాయింట్ (ఆటను దాచుకునే చోటు) ఇంకో గదిలో ఉందనగా చచ్చిపోయాను. ఆ యాభై నిమిషాలూ గంగలో కలిశాయి. మళ్లీ తెరవలేదు.

నన్ను తికమక పెడుతున్న విషయం ఏమిటంటే, ఈ మూడింటి స్క్రీన్‌షాట్లను పక్కపక్కన పెడితే నా వంటి వానికి మూడూ ఒకే కోవకు చెందినవిగానే కనిపిస్తాయి. మరి రెండింటిని వదలలేకపోవడానికి, మూడవదాన్ని భరించలేకపోవడానికి కారణం ఎక్కడున్నది? అసలు పాత ఆటలను ముందుగా ఆడితేనే ఈ కొత్తవి అర్థమవుతాయా? అనుభవజ్ఞులు కాస్త వివరంగా చెప్పగలరు.


జవాబు
రాసినవారు: పాత కాట్రిడ్జ్

మీరు వదిలేసిన మూడవ ఆట పాతకాలాన్ని తిరిగి తేలేదు, పాతకాలాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నది. ఈ మాట కొంచెం విడమరచి చెప్పాలి.

1986లో ఫామికామ్ (సూపర్ ఫామికామ్‌కు ముందరి కన్సోల్) మీద వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్ల కాట్రిడ్జ్‌లో, అంటే కన్సోల్‌లో దూర్చే ఆట పెట్టెలో, ఇమిడింది. ఆటను దాచుకోవడానికి అందులో బ్యాటరీ లేదు; ఆపేటప్పుడు ఆట ఇచ్చే ఇరవై అక్షరాల సంకేతాన్ని కాగితం మీద రాసుకుని, మర్నాడు మళ్లీ అక్షరం పొల్లుపోకుండా కొట్టవలసి వచ్చేది. రెండవ భాగంలో ఆ సంకేతం యాభై రెండు అక్షరాల దాకా పెరిగింది. బ్యాటరీతో సేవ్ చేసుకునే సౌకర్యం 1988లో మూడవ భాగంతోనే వచ్చింది. అంటే సేవ్ చేసుకునే చోట్లు అరుదుగా ఉండడం ఆ కాలపు కళాదృష్టి ఏమీ కాదు, కాట్రిడ్జ్ ఖరీదు తెచ్చిన ఇబ్బంది. ముందు కనిపించకుండా అడుగడుగునా మీదపడే పోరాటాలు, అంటే రాండమ్ ఎన్‌కౌంటర్లూ అటువంటివే. అంత చిన్న పటాన్ని పెద్ద ప్రపంచంగా అనిపించాలంటే నడకను ఏదో విధంగా ఆలస్యం చేయాలి కదా.

ఆ ఇబ్బందుల నుంచి పాత ఆటలే ముందుగా బయటపడ్డాయన్న సంగతిని రెట్రో పేరుతో ఆటలు చేసేవారిలో చాలామంది మరచిపోతారు. జపాన్‌లో 1994లో మదర్ 2గా వచ్చి, తరువాత ఎర్త్‌బౌండ్ అనే పేరుతో బయటికి వెళ్లిన ఆటలో శత్రువులు పటం మీదే కంటికి కనిపిస్తారు. మీరు వాళ్లకంటే బాగా బలవంతులైతే పోరాటమే జరగకుండా గెలుపు మీ ఖాతాలో పడుతుంది. ఇంకొక చిత్రమేమిటంటే, అందులో దెబ్బ తగిలితే మీ ప్రాణశక్తి ఒక్కసారిగా తగ్గదు, పాత బండి మీటరులోని అంకెల్లాగా ఒక్కొక్కటీ కిందికి దొర్లుతుంది. ప్రాణాంతకమైన దెబ్బ తగిలినా, ఆ అంకె సున్నాకు చేరేలోగా మందు వేసుకుంటే, లేదా పోరాటం ముగించేస్తే బతికిపోవచ్చు. టర్న్-బేస్డ్ ఆటలో చేతులు వణికేలా చేసిన ఇటువంటి ఉపాయాన్ని నేను మరెక్కడా చూడలేదు. 1995 నాటి క్రోనో ట్రిగ్గర్‌లోనూ గుహల్లో, అడవుల్లో శత్రువులు ఎదురుగానే నిలబడి ఉంటారు. కాబట్టి మీ మూడవ ఆట 1995 నాటి ముఖాన్ని పెట్టుకుని 1987 నాటి అలవాట్లతో బతుకుతోందని నా అభిప్రాయం.

చైన్డ్ ఎకోస్ ఎందుకు విసుగు పుట్టించలేదో దీన్నిబట్టే అర్థమవుతుంది. అందులో ప్రతి పోరాటం ముగియగానే అందరి ప్రాణశక్తీ నిండిపోతుంది. పైకి చూస్తే ఇది ఆటను సులువు చేసినట్లు కనిపిస్తుంది కాని, నిజానికి జరిగినది వేరు. గుహ చివరికి చేరేసరికి ఆటగాడు అలిసిపోయి ఉంటాడన్న లెక్క పోయింది కాబట్టి, రూపకర్త మామూలు శత్రువును కూడా మిమ్మల్ని చంపగలిగేంత గట్టిగా చేయగలిగాడు. పైన ఒక పట్టీ ఉంటుంది, గుర్తుందా? మీరూ శత్రువూ చేసే ప్రతి పనికీ దాని ముల్లు ముందుకు జరుగుతుంది. ఆకుపచ్చ భాగంలో ఉన్నంతసేపు మీ దెబ్బలు బలపడతాయి, ఎదుటివారి దెబ్బలు పలచబడతాయి. ఎర్ర భాగంలోకి జారితే మీకే ముప్పు. ముల్లును వెనక్కి లాగాలంటే ముఖ్యంగా ఆ సమయంలో పట్టీ పక్కన చూపే రకం స్కిల్‌ను వాడాలి. అది కొన్నిసార్లు మీకు అవసరం లేని స్కిల్ అవుతుంది. ఒకే దాడి బటన్‌ను నొక్కుతూ కూర్చునే అవకాశం ఇక్కడే పోయింది. పైగా శత్రువులను చంపి లెవెల్ పెంచుకునే మామూలు పద్ధతి అందులో లేదు, కథలో ముందుకు వెళ్లి, బాస్‌లను (పెద్ద శత్రువులను) ఓడించి సంపాదించిన గ్రిమోయిర్ షార్డ్‌లనే వస్తువులతోనే కొత్త స్కిల్స్ వస్తాయి. గానుగెద్దులా ఒకే చోట తిరుగుదామన్నా పెద్దగా ఫలితం ఉండదు. మత్తియాస్ లిండా అనే జర్మన్ రూపకర్త సంగీతం వంటివి మినహా చాలావరకు ఒంటరిగా, ఏళ్ల తరబడి కూర్చుని చేసిన ఆట అది. ఒంటరిగా చేసేవాడికి వెయ్యి పోరాటాలను నింపే ఓపిక ఉండదు, ఉన్నవాటినే చెక్కుతాడు.

ఇక అండర్‌టేల్ విషయం. మీరు పూర్తి చేశారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను, పూర్తి చేయనివారు ఈ పేరాను దాటవేయవలసిందిగా మనవి. మామూలుగా అనుభవం, లెవెల్ అని అర్థమిచ్చే ఇఎక్స్‌పీ, ఎల్‌వీ అనే పొట్టి మాటలను మనం ఏ ఆర్‌పీజీలోనైనా ఆలోచించకుండా పెంచుకుంటూ పోతాము. ఆ మాటలకు అసలు అర్థం మనం చేసిన హత్యల లెక్క అని ఆట చివర్లో చెబుతుంది. మొదట్లో మిమ్మల్ని ఆదరించే టోరియెల్‌ను చంపి, మనసొప్పక పాత సేవ్‌కు వెళ్లి వదిలిపెట్టినా, మీరు చేసినది తనకు తెలుసునని ఆట మీ మొహం మీదే అంటుంది. ఈ దెబ్బ తగలడానికి 1994 నాటి ఆటలు ఆడి ఉండనక్కరలేదు, ఏ త్రీడీ ఆటలోనైనా లెవెల్ పెంచుకున్న అలవాటు ఉంటే చాలు. అది మీకు ఉన్నది.

జ్ఞాపకాల మహిమ గురించి అడిగారు కాబట్టి నా సంగతి దాచుకోను. పాత సౌండ్ చిప్‌ను తలపించే సంగీతం వినిపించగానే నా మనసు మెత్తబడుతుంది. అయితే ఆ మెత్తదనం నన్ను మొదటి గంట దాటించిందే కాని, పదో గంటకు ఏనాడూ చేర్చలేదు.


జవాబు
రాసినవారు: నాలుగు రంగులు

పాత కాట్రిడ్జ్ గారు పోరాటాల గురించి చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అయితే ప్రశ్న అడిగినవారు స్క్రీన్‌షాట్లన్నీ ఒకేలా ఉన్నాయన్న మాటను అలా వదిలేయలేను. తీరిక దొరికినప్పుడు పిక్సెల్ బొమ్మలు గీసే అలవాటు ఉన్నందువల్ల నా కంటికి అవి ఒకేలా కనిపించవు.

ఫామికామ్‌లో ఒక చిన్న స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) ముక్క అంటే నిలువుగా ఎనిమిది, అడ్డంగా ఎనిమిది చుక్కలు. అందులో వాడగలిగినవి మూడు రంగులు, నాలుగవది పారదర్శకం. ఒకే అడ్డగీత మీద ఎనిమిదికి మించి స్ప్రైట్లు వస్తే మిగిలినవి కనిపించకుండా పోయేవి, పాత ఆటల్లో బొమ్మలు మిణుకుమనడానికి కారణం అదే. సూపర్ ఫామికామ్ వచ్చేసరికి 32,768 రంగుల్లోంచి ఎంచుకున్న 256 రంగులు ఒకేసారి తెర మీద ఉండగలిగాయి. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6లో పాత్రల బొమ్మలు పదహారు చుక్కల వెడల్పు, ఇరవై నాలుగు చుక్కల ఎత్తు మాత్రమే. ఆ కాస్త చోటులో ముఖకవళికలు గీయడం కుదరదు కాబట్టి, దుఃఖం వస్తే తల మొత్తం కిందికి వాలుతుంది, ఆశ్చర్యపడితే రెండు చుక్కల కళ్లు పెద్దవవుతాయి, బెదిరించాలంటే ఒక్క వేలు అటూ ఇటూ ఊగుతుంది. నటులు పది భంగిమలతో నాటకమంతా నడిపించినట్లు ఉంటుంది. మిగిలినది చూసేవాడు మనసులో పూరించుకుంటాడు.

మంచి రెట్రో ఆటకూ నకలుకూ తేడా నాకు చప్పున దొరికేది చుక్కల పరిమాణంలో. పాత్ర ఒక సైజు చుక్కలతో, వెనుక గోడ ఇంకో సైజు చుక్కలతో, అక్షరాలు నున్నటి ఆధునిక ఫాంట్‌తో ఉంటే, కత్తి తిప్పినప్పుడు దాని అంచు చుక్కల గడులను దాటి ఏటవాలుగా నున్నగా తిరిగితే, గీసినవారు పైపై మెరుగులతో సరిపెట్టుకున్నారని అర్థం. గీతకారులు వీటిని మిక్సెల్స్ అంటారు. ఇది ఇండీ బృందాలు మాత్రమే చేసే తప్పు కాదు. 2021లో పాత ఫైనల్ ఫాంటసీ ఆటల మెరుగుపరచిన రూపమైన పిక్సెల్ రీమాస్టర్ కంప్యూటర్లకు వచ్చినప్పుడు, సన్నటి ఫాంట్ ఆ బొమ్మల పక్కన అతకలేదని ఆటగాళ్లు గగ్గోలు పెట్టి, తామే ఫైళ్లు మార్చుకున్నారు. 2023లో వచ్చిన కన్సోల్ రూపంలో పిక్సెల్ తరహా ఫాంట్‌ను ఎంచుకునే వీలు కల్పించారు.

అండర్‌టేల్ బొమ్మలు వికారంగా ఉన్నాయన్న నవ్వు సహజమే. అయితే పోరాటపు తెరను మరొకసారి చూడండి: నల్లటి తెర మీద తెల్లటి గీతలతో శత్రువు, తెల్లటి పెట్టె, ఆ పెట్టెలో మీరు కదిలించే ఎర్రటి చిన్న గుండె. తూటాల వాన కురుస్తున్నప్పుడు కన్ను ఆ గుండెను ఒక్క క్షణం కూడా వదలదు. అందంగా గీయబోయి ఉంటే ఆట పాడయ్యేది.

ఇంకొక చిన్న సంగతి. పాత ఆటలు పదునైన చతురస్రాల ఆటలు అన్నది ఇప్పటి తెరలు కల్పించిన భ్రమ. సూపర్ ఫామికామ్ సాధారణంగా ఇచ్చే 256 x 224 చుక్కల బొమ్మ 4:3 టీవీ తెర మీద అడ్డంగా సాగేది, పక్కపక్కన వేసిన రెండు రంగుల చుక్కలు ఆ పాత టీవీల మసకలో కలిసిపోయి మూడవ రంగుగా కనిపించేవి. కాబట్టి నిజాయితీ గల రెట్రో ఆట పాతదాన్ని అచ్చుగుద్దనక్కరలేదు. 2023లో వచ్చిన సీ ఆఫ్ స్టార్స్‌లో ఎండ వాలుతుంటే నీడలు సాగుతాయి, పగటిని రాత్రిగా మార్చే శక్తి ఆటగాడి చేతికే వస్తుంది. అటువంటి వెలుగు పాత యంత్రాలకు అసాధ్యం. కథలో సంభాషణలు నాకు కొంత చప్పగా అనిపించినా, ఆ వెలుగు కోసమే చివరిదాకా ఆడాను.


జవాబు
రాసినవారు: రెండు పాచికలు

పై ఇద్దరూ రెట్రో అనగానే జపాన్ కన్సోల్ ఆటల వంశాన్నే తలచుకున్నారు. కంప్యూటర్ ఆర్‌పీజీల వంశం ఇంకొకటి ఉన్నది, అక్కడి ఆటగాళ్ల అభిప్రాయాలు చాలా వేరు. 1997 నాటి ఫాలౌట్, 1998 నాటి బాల్డర్స్ గేట్, 1999 నాటి ప్లేన్‌స్కేప్ టార్మెంట్ ఈ వంశానికి పెద్దలు. ప్రచురణకర్తలు ఈ తరహాను వదిలేసిన కాలంలో, 2012లో అబ్సిడియన్ సంస్థ ప్రజల నుంచి ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్‌లో 11 లక్షల డాలర్లు అడిగితే ఆటగాళ్లు దాదాపు 40 లక్షల డాలర్లు ఇచ్చారు. 2015లో పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ అలా వచ్చినదే.

ఆ అభిమానమే ఆటకు ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టింది. ఎక్కువ డబ్బు ఇచ్చినవారు తమ సొంత పాత్రలను ఆటలో పెట్టించుకున్నారు. బంగారు రంగు పేరుపలకతో వీధుల్లో నిలబడి ఉండే ఆ పాత్రలను పలకరిస్తే ప్రధాన కథతో సంబంధం లేని పొడుగాటి గతం బయటపడుతుంది. కొత్త ఆటగాడికి ఆ రంగు అర్థం తెలియదు కాబట్టి, ఒక్కొక్కరినీ శ్రద్ధగా చదివి అలిసిపోతాడు. ఆటలో మిగతా రచన బాగుంటుంది, అయినా ఈ తరహా ఆటలకు ఊకదంపుడే పెద్ద జబ్బు అని నేను బాహాటంగానే అంటాను. డిస్కో ఎలీసియమ్ 2019లో వచ్చి అంతకంటే ఎక్కువ మాటలతో మెప్పించిందంటే, ఆ మాటలు ఎవరివన్నది ముఖ్యం. అందులో విడిగా పోరాట వ్యవస్థే లేదు. ఇరవై నాలుగు నైపుణ్యాలు హీరో తలలోనే ఒకదానితో ఒకటి వాదించుకుంటాయి, రెండు పాచికలు ఫలితాన్ని తేలుస్తాయి. రెండు ఆర్లు పడితే గెలుపు తప్పదు, రెండు ఒకట్లు పడితే ఓటమి తప్పదు. దేహదారుఢ్యం మరీ తక్కువగా ఉన్న పాత్రతో మొదలుపెడితే, తొలి గదిలో తిరుగుతున్న ఫ్యాన్‌కు వేలాడే నెక్‌టైని అందుకోబోయి గుండె ఆగి చావవచ్చు. ఆట మొదలై ఐదు నిమిషాలు కూడా కాకుండానే!

పాత కాట్రిడ్జ్ గారితో నాకు ఒక పేచీ ఉన్నది. పాత ఇబ్బందులన్నీ యంత్రాల లోపాలే, పోతేనే మంచిదన్న ధ్వని వారి మాటల్లో వినిపించింది. 2012లో వచ్చిన లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్‌లో ఓల్డ్ స్కూల్ మోడ్ ఎంచుకుంటే ఆట పటం చూపించడం మానేస్తుంది, గళ్ల కాగితం మీద మనమే గీసుకోవాలి. నేను అలాగే ఆడాను. ఒక అంతస్తు పూర్తయ్యాక కాగితం చూసుకుంటే, నాలుగు వైపులా నడవలు గీసి ఉన్నాయి, మధ్యలో మాత్రం రెండు గళ్లు తెల్లగా మిగిలిపోయాయి. తిరిగి వెళ్లి ఆ గోడ పొడవునా ఒక్కొక్క రాయినీ చూస్తే, నీడలో కలిసిపోయిన చిన్న బటన్ కనిపించింది. నొక్కగానే గోడ జరిగింది. లోపల ఏం దొరికిందో ఇప్పుడు గుర్తు లేదు, తెల్లగా మిగిలిన ఆ రెండు గళ్లు మాత్రం గుర్తున్నాయి. ఆట తానే పటం గీసి చూపిస్తే ఈ ఆనందం ఉండేది కాదు. కాబట్టి యాభై నిమిషాల ఆట పోగొట్టే ఇబ్బందిని, కాగితం పట్టించే ఇబ్బందిని ఒకే గాటన కట్టకండి.

ఇండీ అనే మాట మీద కూడా ఎక్కువ భారం వేయవద్దని మనవి. 2023లో డేవ్ ద డైవర్ ఉత్తమ ఇండీ ఆట పురస్కారానికి నామినేట్ అయినప్పుడు, దాన్ని చేసినది నెక్సాన్ వంటి పెద్ద సంస్థకు చెందిన విభాగం కదా అని పెద్ద వాదమే నడిచింది. పిక్సెల్ బొమ్మలుంటే ఇండీ అనుకోవడం అలవాటైపోయింది.


జవాబు
రాసినవారు: తీరిక లేని యోధుడు

పెద్దల చర్చకు చిన్న చేర్పు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆటను పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే సాధారణంగా వాపసు ఇవ్వవచ్చు. నలభై గంటల ఆర్‌పీజీని తూచడానికి రెండు గంటలు చాలవు. అందుకని ఆ రెండు గంటల్లో నేను కథను పట్టించుకోను; పోరాటంలో దాడి బటన్ తప్ప మరొకటి నొక్కవలసిన అవసరం వచ్చిందా, ఓడిపోతే ఎంత వెనక్కి వెళ్లాను అన్న రెండే చూస్తాను. డెమో ఉంటే ఇంకా మంచిది. పాతవి ముందు ఆడాలా అంటే, అవసరం లేదు. నేను క్రోనో ట్రిగ్గర్‌ను ఈ కొత్త ఆటల తరువాతే ఆడాను, నష్టమేమీ జరగలేదు.


ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు
రాసినవారు: చివరి సేవ్ పాయింట్

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం, మీరు చెప్పినవాటిని చేసి చూద్దామనుకోవడమే.

ముందుగా ఆ మూడవ ఆటను మళ్లీ తెరిచాను. సెట్టింగులలో ఎన్‌కౌంటర్లను పూర్తిగా ఆపివేసే మీట ఒకటి ఉన్నదని అప్పుడే గమనించాను, మొదటిసారి చూడకపోవడం నా పొరపాటు. దాన్ని ఆపి అదే గుహలోకి వెళ్లాను. సేవ్ పాయింట్‌కు నాలుగు నిమిషాల్లో చేరాను. అయితే ఆ నాలుగు నిమిషాల్లో నాకు కనిపించినవి ఒకేలా ఉన్న నడవలు, మలుపులు, రెండు ఖాళీ గదులు, ఒక పెట్టె, అందులో ఒక మందు సీసా. పోరాటాలు తీసేస్తే ఆ గుహలో ఏమీ లేదు. పాత కాట్రిడ్జ్ గారు చెప్పిన 64 కిలోబైట్ల లెక్క నాకు అప్పుడు బాగా అర్థమైంది. వారికైతే చోటు లేదు, వీరికి ఏ అడ్డంకీ లేదు కదా. ఈసారి కోపం రాలేదు కాని ఆటను తీసివేశాను.

తరువాత గ్రిమ్‌రాక్‌ను ఓల్డ్ స్కూల్ మోడ్‌లో మొదలుపెట్టాను. మొదటి అంతస్తు పటం పూర్తిగా తప్పు గీశాను. ఎక్కడో ఒక మలుపును రాసుకోవడం మరచినందువల్ల సగం అంతస్తు కాగితం అంచు దాటి బయటికి పోయింది, రెండవ కాగితం అతికించవలసి వచ్చింది. రెండవ అంతస్తును పెన్సిల్‌తో, అడుగడుగునా ఆగి, జాగ్రత్తగా గీస్తున్నాను. ఇప్పటికి దాని ఈశాన్య మూలలో మూడు గళ్లు తెల్లగా మిగిలాయి. చుట్టూ ఉన్న గోడలన్నీ రెండుసార్లు చూశాను, బటన్ ఏదీ కనిపించలేదు. అది నా గీతలో తప్పో, గోడలో మర్మమో ఇంకా తేలలేదు. తెలిసినవారు దయచేసి ఇక్కడ చెప్పవద్దు.